‘రాలేదు’ వచ్చిన పిల్లవాడికి ‘డిడ్ నాట్ కమ్’ ఎందుకు రాదు?

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చౌటుప్పల్ దాటాక వచ్చే ఊరు చిట్యాల. ఆ రోడ్డు నంబరు ఒకప్పుడు 9. నల్లగొండ జిల్లాలోని ఈ మండల కేంద్రం 2018లో మున్సిపాలిటీ అయింది. రాత్రీ పగలూ లారీలు, బస్సులు ఆగే చోటు. అక్కడ పదో తరగతి చదివే ఒక పిల్లవాణ్ణి ఊహించుకోవచ్చు. వాళ్ళ నాయనకు రోడ్డు పక్కన టీ కొట్టు. ఎవరైనా అడిగితే ‘పదేండ్ల నుంచి ఈడనే ఉంటున్నం’ అని తడుముకోకుండా చెప్తాడు. అదే మాట ఇంగ్లిష్‌లో చెప్పమంటే ఒక్క క్షణం ఆగి, ‘వి ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అంటాడు.

ఎర్రసిరా అక్కడే పడుతుంది. ‘ఆర్ లివింగ్’ కాదు, ‘హావ్ బీన్ లివింగ్’. ‘సిన్స్’ కాదు, ‘ఫర్’. మార్కు పోతుంది, కారణం మాత్రం ఎవరూ చెప్పరు. నిజానికి వాడు తన వాక్యాన్ని చాలా నిజాయితీగా కట్టాడు. ‘ఉంటున్నం’లో జరుగుతున్న పని ఉంది కాబట్టి ‘ఆర్ లివింగ్’ పెట్టాడు. ‘నుంచి’ ఉంది కాబట్టి ‘సిన్స్’ పెట్టాడు. తెలుగులో ‘2015 నుంచి’ అన్నా ‘పదేండ్ల నుంచి’ అన్నా ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లిష్ మాత్రం మొదలైన బిందువుకు ఒక మాట, గడిచిన నిడివికి ఇంకో మాట వాడుతుంది. పైగా గతంలో మొదలై ఇప్పటిదాకా సాగిన పనిని మామూలు వర్తమానంలో పెట్టనివ్వదు. ఫ్రెంచివాళ్ళు, జర్మన్లు ఇదే మాటను తమ భాషల్లో వర్తమానంలోనే చెప్పుకుంటారు. ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు వాళ్ళూ అచ్చం చిట్యాల పిల్లవాడి లాగే తప్పుతారు. ఈ విషయంలో వింత భాష తెలుగు కాదు, ఇంగ్లిష్.

ఇంగ్లిష్ క్రియల కాలాన్ని ఎలా ఎంచుకోవాలి, ‘టు’ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వదలాలి అన్న ప్రశ్న చుట్టూ నూరేళ్ళుగా పుస్తకాలు, పద్ధతులు, వాదాలు పేరుకున్నాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లవాడు బడికి వచ్చేటప్పటికే ఒక పూర్తి క్రియా వ్యవస్థను నోట్లో పెట్టుకుని వస్తాడు. దాన్ని కదిలించి చూసిన పాఠాలు చాలా తక్కువ.

పట్టిక నుంచి మొదలుపెట్టాలి. తెలుగునాట ఇంగ్లిష్ వ్యాకరణమంటే పన్నెండు గళ్ళ పట్టిక. మూడు కాలాలు అడ్డంగా, నాలుగు రూపాలు నిలువుగా: సింపుల్, కంటిన్యూయస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యూయస్. ఇన్‌స్టిట్యూట్ గోడల మీద, గైడు వెనక అట్ట మీద, ఇప్పుడు యూట్యూబ్ వీడియోల్లో ఇదే బొమ్మ. దీన్ని ఇంటింటికీ చేర్చిన పుస్తకాల్లో పెద్దది రెన్ అండ్ మార్టిన్. పి.సి. రెన్ ఇండియాలో విద్యాశాఖలో పనిచేసినవాడు. ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పేరు తెచ్చుకున్నవాడు కూడా. 1930లలో వచ్చిన ఆ వ్యాకరణాన్ని తరవాతి తరాలకు సవరించి అందించింది ఎన్.డి.వి. ప్రసాదరావు. దాదాపు తొంభై ఏళ్ళుగా అది అమ్ముడుపోతూనే ఉంది. అందులో క్రమం ఉంది, అభ్యాసాలున్నాయి, నిర్వచనాలున్నాయి. అయితే గళ్ళు నింపడం ఒక పని, మాట్లాడేటప్పుడు ఏ గడిలోకి పోవాలో తేల్చుకోవడం వేరే పని. పట్టిక రెండోది నేర్పదు.

ఆ పన్నెండు అనే లెక్కే భాషాశాస్త్రజ్ఞులకు మింగుడుపడలేదు. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో ‘ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ రాసేనాటికే, ఇంగ్లిష్‌లో భవిష్యత్ కాలానికి సొంత రూపం లేదని వాదించాడు. 1985లో రాండాల్ఫ్ క్వర్క్ బృందం, 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన పెద్ద వ్యాకరణాలు రెండే కాలాలను లెక్కించాయి. ఒకటి గతం, ఇంకొకటి గతం కానిది. ‘విల్’ అనేది కాలం కాదు, ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’ వరుసలో కూర్చునే సహాయక క్రియ అని తేల్చాయి. ‘ఐ’కి ‘షల్’, ‘హి’కి ‘విల్’ అన్న నియమం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం నాటిది. లండన్‌లో మాట్లాడేవాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేసినా మన గైడ్లలో ఇంకా చెక్కుచెదరలేదు.

ఇక్కడే తెలుగు వ్యాకరణం ఒకసారి తెరిచి చూడాలి. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి క్రియకు నాలుగు అర్థాలు చెప్పాడు: వర్తమానం, భూతం, భవిష్యత్తు, తద్ధర్మం. వండుచున్నాడు, వండెను, వండగలడు, వండును. ఈ నాలుగోది మామూలు మూడు కాలాల లెక్కలో ఇమడదు. ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అన్నప్పుడు అది ఈ నిమిషంలో జరుగుతున్న పని కాదు, రేపటి పనీ కాదు. ఆ వస్తువు ధర్మం. ఇంగ్లిష్ పుస్తకాలు ‘సింపుల్ ప్రెజెంట్’ అనే పేరు పెట్టి పిల్లల్ని తికమక పెట్టేది సరిగ్గా ఈ రూపంతోనే. ‘ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్’, ‘మై ఫాదర్ సెల్స్ టీ’ అన్నవి వర్తమానం కావు, తద్ధర్మాలు. ‘ప్రెజెంట్ అంటే ఇప్పుడు’ అని చెప్పిన మరుక్షణం పిల్లవాడు ‘మై ఫాదర్ ఈజ్ సెల్లింగ్ టీ’ అంటాడు. ఇప్పుడు అమ్ముతున్నాడు కదా మరి! సూరి పెట్టిన పేరు ఆ ఇంగ్లిష్ పేరు కన్నా అర్థానికి దగ్గరగా ఉంది. దాన్ని ఇంగ్లిష్ పీరియడ్‌లో ఎవరూ వాడుకోలేదు.

వాడుక భాషలోకి వచ్చేసరికి తద్ధర్మం, భవిష్యత్తు కలిసిపోయాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడరన్ తెలుగు’ ఈ సంగతి స్పష్టంగా చెప్తుంది. ‘వస్తాడు’ అన్నది అలవాటుకూ రాబోయేదానికీ ఒకటే రూపం. ‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’. కాబట్టి దక్షిణాదిలో తరచూ వినిపించే ‘డెయిలీ హి విల్ కమ్ ఎట్ టెన్’ గాలిలోంచి ఊడిపడలేదు. ‘వస్తాడు’కు ఎదురుగా ‘విల్ కమ్’ అని ఒక్క అర్థమే రాసిచ్చిన బడి నుంచి వచ్చింది.

ఇంకో పొర నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ప్రత్యేకం. నిజాం రాజ్యంలో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే పైచదువులు చెప్పింది, ఇంగ్లిష్‌ను తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచింది. అంటే ఈ ప్రాంతంలో ఒక తరం ఇంగ్లిష్ కాలాలను ఉర్దూ పేర్లతో నేర్చుకుంది: మాజీ, హాల్, ముస్తక్బిల్. వాటిలో మొదటిది నేటికీ ప్రతి తెలుగు పత్రికలో బతికే ఉంది. మాజీ ఎమ్మెల్యే, మాజీ సర్పంచ్. అది ‘పాస్ట్ టెన్స్’ అనే మాటేనని ఎంతమందికి గుర్తుంటుందో!

ఆ సహవాసం వాక్యంలోనూ కనిపిస్తుంది. ‘ఐ హాడ్ గాన్ టు సూర్యాపేట యెస్టర్‌డే’ అనేవాళ్ళు చాలామంది. నిన్న పోయివచ్చిన సంగతికి ‘ఐ వెంట్’ సరిపోతుంది. మరి ‘హాడ్’ ఎందుకు? హిందీ, ఉర్దూల్లో ‘గయా థా’ అనేది అతి మామూలు భూతకాలం. మాటకు మాట మారిస్తే ‘హాడ్ గాన్’ అవుతుంది. తెలంగాణ నోట్లో ‘నిన్న పోయుంటి’ అనే రూపం కూడా ఉంది. దానికి అచ్చుగుద్దిన జోడీ దొరికినట్టు అనిపించడం సహజం.

‘హాడ్’ అసలు పని అర్థం కావాలంటే బస్టాండుకు పోవాలి. ‘నేను వచ్చేసరికి బస్సు పోయింది.’ ‘నేను వచ్చినంక బస్సు పోయింది.’ రెండు వాక్యాల్లోనూ ‘పోయింది’ ఒక్కటే. బస్సు దొరికిందో లేదో తేల్చింది ‘వచ్చేసరికి’, ‘వచ్చినంక’ అన్న మాటలు. తెలుగు ఆ బరువును పక్క మాట మీద పెడుతుంది, ఇంగ్లిష్ క్రియ మీద పెడుతుంది. మొదటిదానికి ‘ది బస్ హాడ్ లెఫ్ట్’, రెండోదానికి ‘ది బస్ లెఫ్ట్’. హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే తత్వవేత్త 1947లో ఈ చిక్కును మూడు చుక్కలతో విడదీశాడు. మాట్లాడుతున్న వేళ, పని జరిగిన వేళ, నిలబడి చూస్తున్న వేళ. ‘హాడ్ లెఫ్ట్’లో చూస్తున్న వేళ నేను బస్టాండులో అడుగుపెట్టిన క్షణం, బస్సు అంతకు ముందే పోయింది. ‘హావ్’ వచ్చినప్పుడు చూస్తున్న వేళ ఇప్పుడే. ఇవాళ్టికీ ఆ పాత పనికీ లంకె ఉంటే ‘హావ్’, లేకపోతే మామూలు భూతకాలం. పన్నెండు గళ్ళ కన్నా ఈ మూడు చుక్కలు తేలిక. అయినా స్కూలు పుస్తకాల దాకా అవి సరిగ్గా దిగలేదు.

‘హావ్’ తప్పితే నష్టం మార్కుతో ఆగదు. ఉద్యోగం కోసం రాసే బయోడేటాల్లో ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2021’ అనే వాక్యం సర్వసాధారణం. ఏడాది చెప్పాక ‘హావ్’ నిలవదు, ‘ఐ కంప్లీటెడ్’ అనాలి. ఏడాది చెప్పకపోతే ‘హావ్ కంప్లీటెడ్’ బాగానే ఉంటుంది. ‘ఐ లివ్డ్ ఇన్ చిట్యాల ఫర్ టెన్ ఇయర్స్’ అంటే ఇప్పుడక్కడ లేనట్టు. ‘హావ్ లివ్డ్’ అంటే మామూలుగా ఇంకా ఉన్నట్టు. కంప్యూటర్‌లోని వ్యాకరణ సాధనం రెండింటినీ ఒప్పుకుంటుంది, ఎందుకంటే రెండూ ఒప్పే. నువ్వు ఎక్కడుంటున్నావో దానికి తెలియదు.

తెలుగు ‘తిన్నవా?’ ఒక్కటే. బ్రిటిష్ పద్ధతిలో అది ‘హావ్ యు ఈటెన్?’. అమెరికా వెళ్ళిన మనవాళ్ళకు ‘డిడ్ యు ఈట్?’ వినిపించి, చిన్నప్పటి మాస్టారు తప్పు చెప్పాడా అని అనుమానం వస్తుంది. తప్పు చెప్పలేదు. ‘ఆల్రెడీ’, ‘జస్ట్’, ‘యెట్’ వంటి మాటల దగ్గర అమెరికన్లు మామూలు భూతకాలంతో సరిపెట్టుకుంటారు. ఈ ఒక్కచోట తెలుగువాడు, అమెరికావాడు ఒకే వరుసలో ఉన్నారు.

‘అని’ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ‘వాడు రేపు వస్తానన్నడు’ అన్నప్పుడు ‘వస్తాను’ అన్నది వాడి నోటి మాటే. ఆ ‘ను’ వాడిదే, ఆ కాలం వాడిదే. ‘అని’ అనే సంచిలో పెట్టి యథాతథంగా తెచ్చి ముందు పెడతాం. ఇంగ్లిష్ ఆ సంచిని ఒప్పుకోదు. చెప్పినవాడి మాటను చెప్పేవాడి కళ్ళతో తిరగరాయాలి. ‘ఐ’ ‘హి’ కావాలి, ‘విల్’ ‘వుడ్’ కావాలి, ఒక్కోసారి ‘టుమారో’ ‘ది నెక్స్ట్ డే’ కావాలి. పరీక్షలో డైరెక్ట్ నుంచి ఇండైరెక్ట్‌కు మార్చమని అడిగే ప్రశ్నకు వెనక ఉన్న అసలు తేడా ఇదే. మార్పుల జాబితా బట్టీ పట్టిస్తారు గాని, మన ‘అని’కీ వాళ్ళ ‘దట్’కూ పనితీరు వేరన్న ముక్క చెప్పరు.

అన్నీ తేడాలే కావు. ‘రేపు అక్క పెండ్లికి పోతున్నం’ అంటాం, ‘సరే, పోతం’ అని కూడా అంటాం. మొదటిది ముందే ఖాయమైన ప్రయాణం, రెండోది అప్పటికప్పుడు ఒప్పుకున్న మాట. ఇంగ్లిష్‌లో సరిగ్గా అదే తేడా: ‘వి ఆర్ గోయింగ్ టుమారో’, ‘ఓకే, వి విల్ గో’. మన పిల్లవాడి చెవికి ఈ తేడా పుట్టుకతో తెలుసు. పట్టిక వచ్చి, రేపు అనగానే ‘షల్’ లేదా ‘విల్’ అని ఒక్క ముద్ర వేసి, ఉన్న తెలివిని చెరిపేస్తుంది. ‘తెలిసి ఉంటే వచ్చేవాణ్ణి’, ‘చిన్నప్పుడు రోజూ వచ్చేవాణ్ణి’ అన్న రెండు చోట్లా మనకు ‘వచ్చేవాణ్ణి’ ఎలా ఒకటేనో, ఇంగ్లిష్‌లోనూ జరగని పనికీ పాత అలవాటుకూ ‘వుడ్’ అలాగే ఒకటి. రెండు భాషలు ఎక్కడా మాట్లాడుకోకుండానే ఒకే ఎత్తు వేశాయి.

అసలు ధనం ఇన్ఫినిటివ్ దగ్గర దాగి ఉంది.

‘వచ్చు’ అనే క్రియను తీసుకుంటే, ‘వచ్చిండు’, ‘వస్తడు’, ‘వస్తున్నడు’ అన్నప్పుడు కాలం, మనిషి రెండూ క్రియలోనే ఉంటాయి. ఇప్పుడు ఇంకో వరుస: రాలేదు, రాగలడు, రావాలి, రావచ్చు, రాకూడదు, రానీ. వీటన్నిటి మొదట్లో ఉన్నది ‘రా’. ఆ ‘రా’కు కాలం లేదు, మనిషి లేడు. చిన్నయసూరి దీన్ని తుమున్నర్థకం అన్నాడు. సంస్కృతంలో ‘గంతుమ్’ వంటి రూపాలిచ్చే ‘తుమున్’ ప్రత్యయం పేరు మీద పెట్టిన పేరది. ఇంగ్లిష్‌లో దీన్నే బేర్ ఇన్ఫినిటివ్ అంటారు, అంటే ‘టు’ లేని ఉత్త క్రియ. పక్కపక్కన పెడితే రాలేదు – డిడ్ నాట్ కమ్, రాగలడు – కెన్ కమ్, రావాలి – మస్ట్ కమ్, రావచ్చు – మే కమ్, రాకూడదు – షుడ్ నాట్ కమ్, రానీ – లెట్ హిమ్ కమ్. ఆరుకు ఆరూ సరిపోయాయి.

‘వచ్చిండులేదు’ అని చిట్యాలలో మూడేళ్ళ పిల్ల కూడా అనదు. ‘రాలే’ అంటుంది. ‘లే’ చేరాక కాలం దాని పని, ముందున్న క్రియ ఉత్తదిగా ఉండాలన్న సూత్రం ఆ పిల్లకు తల్లి దగ్గరే వచ్చింది. నేను రాలే, వాడు రాలే, వాళ్ళు రాలే అంటూ మనిషి మారినా రూపం మారదని కూడా తెలుసు. ‘డిడ్ నాట్’ సరిగ్గా అలాంటిదే. అయినా అదే పిల్ల తొమ్మిదో తరగతిలో ‘హి డిడ్ నాట్ కేమ్’ అని రాస్తుంది. ‘డిడ్’ తరవాత వి-వన్ రావాలి అని బోర్డు మీద రాసి పెట్టారు. ‘రాలే’లో ‘రా’ లాగా అన్న నాలుగు మాటలు మాత్రం ఎవరూ కలపలేదు. ‘లెట్ హిమ్ టు గో’, ‘హి మేడ్ మి టు వెయిట్’ అన్నవీ అంతే. ‘పోనీ’లో ‘పో’ ఉత్తదే కదా అని గుర్తుచేస్తే మొదటిది దానంతటదే సర్దుకుంటుంది. రెండోదానికి మాత్రం మన దగ్గర విడి మాట లేదు. ‘రప్పించాడు’, ‘తినిపించాడు’, ‘చేయించాడు’ అని క్రియ పొట్టలోనే ‘మేక్’ను మింగేస్తాం. అది విడిగా నేర్పాల్సిందే.

‘టు’తో వచ్చే ఇన్ఫినిటివ్, ‘ఇంగ్’తో వచ్చే జెరండ్ మధ్య ఎంపిక చాలామందికి గుడ్డి బట్టీ. ‘వాంట్’, ‘హోప్’, ‘డిసైడ్’, ‘ప్లాన్’ తరవాత ‘టు’ వస్తుంది. ‘ఎంజాయ్’, ‘ఫినిష్’, ‘అవాయిడ్’, ‘క్విట్’ తరవాత ‘ఇంగ్’. గైడ్లలో రెండు పొడవాటి పట్టీలుంటాయి. తెలుగు చెవితో వింటే ఆ పట్టీలకు ఒక తీరు కనిపిస్తుంది. పోవాలనుకున్న, పోవాలని ఆశ, పోవాలని నిర్ణయించుకున్న, పోవాలని ప్లాన్ చేసిన: ఇవన్నీ ‘ఆలని’ మాటలు, ఇంకా జరగని పనులు, ‘టు’ వైపువి. తాగడం మానేసిండు, చదవడం అయిపోయింది, ఆడడం బాగనిపిస్తది: ఇవి ‘డం’ మాటలు, అనుభవంలో ఉన్న పనులు, ‘ఇంగ్’ వైపువి. ఇక ‘చూడనీకి వచ్చిన’, ‘చూడడానికి వచ్చాను’ అన్న ప్రయోజనార్థం మామూలుగా ‘టు’యే. ‘నీకి’, ‘డానికి’ వినగానే ‘ఫర్’ పెట్టి ‘ఐ కేమ్ ఫర్ సీయింగ్’ అనడం అతి సాధారణమైన జారుడు.

ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. ‘తాళం వెయ్యడం మరిచిపోయిన’లో ‘డం’ ఉన్నా ఇంగ్లిష్‌లో ‘ఫర్గాట్ టు లాక్’ అనాలి, ఎందుకంటే వేయాల్సిన పని మిగిలిపోయింది. ‘ఫర్గాట్ లాకింగ్’ అంటే వేసిన సంగతే మరిచిపోయినట్టు. ‘సజెస్ట్’ తరవాత ‘టు’ రాదు. ‘లైక్’, ‘స్టార్ట్’ రెండింటినీ ఒప్పుకుంటాయి. ‘స్టాప్’ మాత్రం తెలుగుకు చక్కగా లొంగుతుంది. సిగరెట్ తాగడం ఆపిండు – స్టాప్డ్ స్మోకింగ్. సిగరెట్ తాగనీకి ఆగిండు – స్టాప్డ్ టు స్మోక్. మనకు ఆపడం, ఆగడం రెండు వేర్వేరు మాటలు. వాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టుకుని తేడాను తరవాతి క్రియకు అప్పగించారు. ‘నువ్వు రావాలని నా కోరిక’ అన్నదాన్ని ‘ఐ వాంట్ దట్ యు షుడ్ కమ్’ అని దింపేవాళ్ళకు ‘ఐ వాంట్ యు టు కమ్’ అనే కట్టుబడి కొత్తగా అలవాటు చేయాలి. అక్కడ ‘అని’ మాయమై కర్త కర్మ స్థానంలోకి జరుగుతుంది. ఉత్తరాల చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని రాసేవాళ్ళను ముంచేది ఇంకో ‘టు’. అది ఇన్ఫినిటివ్‌ది కాదు, విభక్తి లాంటిది. దాని తరవాత నామవాచకమో ‘మీటింగ్’ లాంటిదో రావాలి.

‘టు’కూ క్రియకూ నడుమ ఇంకో మాట దూరకూడదన్న పట్టింపు కూడా ఉండేది. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే మతాచార్యుడు అలా దూర్చడాన్ని ఖండిస్తూ రాసిన పుస్తకం నుంచి ఆ పట్టింపు బాగా ప్రచారమైంది. ఇప్పుడు ఇంగ్లండ్‌లోనే దానికి పెద్దగా విలువ లేదు, ఇక్కడి గైడ్లలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. అంతకన్నా పనికొచ్చేది ఇంగ్లిష్ పేపర్ శీర్షికల అలవాటు. ‘సీఎం టు విజిట్ నల్లగొండ’ అంటే రాబోయే పని, అక్కడ ‘టు’ ఒక్కటే భవిష్యత్తును మోస్తుంది. జరిగిపోయిన ప్రమాదాన్ని మాత్రం వర్తమానంలో రాస్తారు. తెలుగు పేపర్ అయితే ‘నేడు నల్లగొండకు సీఎం’ అని క్రియనే తీసేస్తుంది. రెండు పేపర్లు పక్కన పెట్టుకుని చదివితే ఒక పీరియడ్‌లో అయిపోయే పాఠమిది.

తప్పులన్నిటినీ తెలుగు నెత్తిన రుద్దడం కూడా న్యాయం కాదు. 1957లో భాషాశాస్త్రజ్ఞుడు రాబర్ట్ లాడో రెండు భాషల్ని పోల్చితే తప్పులు ముందే పసిగట్టవచ్చని ధీమాగా చెప్పాడు. పదేళ్ళు తిరిగేసరికి పిట్ కార్డర్, తప్పు అనేది రోగం కాదు, నేర్చుకునేవాడు ఎంతవరకు వచ్చాడో చూపే గుర్తు అన్నాడు. 1972లో సెలింకర్ ఆ నడిమి దశకు ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టాడు. 1974లో డ్యూలే, బర్ట్ స్పానిష్, చైనీస్ మాట్లాడే పిల్లల్ని పరిశీలించి, ఇంటి భాషలు వేరైనా ఇంగ్లిష్ ప్రత్యయాలు దాదాపు ఒకే వరుసలో వస్తున్నాయని చూపారు. ‘ఇంగ్’ తొందరగా వస్తుంది. ‘హి గోస్’లోని చివరి ‘స్’ చాలా ఆలస్యంగా వస్తుంది. ‘హి గో’ అనే పిల్లవాణ్ణి మొద్దు అనే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అన్న మాటల్ని ఈ వెలుగులో చూస్తే లెక్క మారుతుంది. నిస్సిం ఎజకీల్ కవితల్లో వెక్కిరించిన భారతీయ ఇంగ్లిష్ ఇదే. ఇందులో తెలుగు వాటా ఎంత? ‘నాకు ఎరుకే’, ‘నాకు తెలుసు’ అంటాం, వాటికి ‘తున్న’ తగిలించం. ‘తెలుస్తున్నది’ అంటే వేరే అర్థం. కాబట్టి ‘నోయింగ్’ తెలుగు నుంచి రాలేదు. ‘హావింగ్’ విషయంలో కొంత ఒప్పుకోవచ్చు. మనకు ‘హావ్’ అనే క్రియ లేదు, ‘ఇద్దరు తమ్ముండ్లు ఉన్నరు’లోని ‘ఉన్న’, ‘చేస్తున్నరు’లోనూ వినిపిస్తుంది. అంతకన్నా పెద్ద కారణం తరగతి గదే. 1950లలో దక్షిణాదిన బలపడిన స్ట్రక్చరల్ పద్ధతిలో మాస్టారు తలుపు దాకా నడుస్తూ ‘ఐ యామ్ వాకింగ్ టు ది డోర్’ అని చేసి చూపేవాడు. చేసి చూపడానికి వీలైన కాలం అదొక్కటే, కాబట్టి అదే ముందు, అదే ఎక్కువ. పైగా ‘ఇంగ్’ ఏ క్రియకైనా ఇట్టే అతుక్కుంటుంది, వంకర రూపాలు లేవు. ముందు వచ్చి, తేలిగ్గా వచ్చి, అన్నిచోట్లా కూర్చుంది. మెక్‌డొనాల్డ్స్ 2003లో ‘ఐయామ్ లవిన్ ఇట్’ అని ప్రకటన చేసినప్పుడు ఆ తప్పుకు ఎవరూ మార్కు కొయ్యలేదు.

హైదరాబాద్ ఈ చర్చకు బయట ఉన్న ఊరు కాదు. 1958లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. తరవాత విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ (CIEFL) అయింది, 2007లో ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా కేంద్ర విశ్వవిద్యాలయమైంది. దేశానికి ఇంగ్లిష్ టీచర్లను తయారుచేసిన చోటది. జనం మాత్రం వేరే దారుల్లో నేర్చుకున్నారు. దోమలగూడ రామకృష్ణ మఠంలో 1979 నుంచి నడుస్తున్న భాషా కేంద్రం ముందు దరఖాస్తుల క్యూలు, కపిల్ దేవ్ బొమ్మతో వచ్చిన రాపిడెక్స్ పుస్తకం, ‘ఈనాడు’లో ఎం. సురేశన్ నడిపిన స్పోకెన్ ఇంగ్లిష్ శీర్షిక కత్తిరింపులు దాచుకున్న నోటుపుస్తకాలు. సురేశన్ శీర్షిక లాంటివి పన్నెండు గళ్ళ కన్నా ఎక్కువ మేలు చేశాయనే చెప్పాలి. సంభాషణ ముందు, తెలుగు అర్థం పక్కన, సూత్రం చివర.

అటు వ్యాకరణమే వద్దన్న ప్రయోగం కూడా మన పక్కనే జరిగింది. ఇంగ్లిష్ బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు కేంద్రంగా, మద్రాసు తదితర చోట్ల మామూలు బడుల్లో, రైల్వే టైంటేబుల్, ఊరి పటం వంటి పనులిచ్చి ఇంగ్లిష్ నేర్పాడు. వ్యాకరణ పాఠం చెప్పలేదు. తరవాత చేసిన మూల్యాంకనంలో ఎవరికి ఏది అలవాటో ఆ పరీక్షలో వాళ్ళు ముందున్నారు. సందర్భంలో పెట్టిన వ్యాకరణంలో మాత్రం ప్రభు పిల్లలది పైచేయి. పట్టికకు ఇది గట్టి దెబ్బ. కాని ఇంట్లో, వీధిలో ఇంగ్లిష్ వినపడని ఊళ్ళో వారానికి కొద్ది పీరియడ్లతో అర్థం ఒక్కటే ఎంత దూరం తీసుకెళ్తుందన్న సందేహం తీరలేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం ఇంగ్లిష్ బోధనపై నివేదిక రాసిన బృందానికి సీఫెల్ ఆచార్యురాలు ఆర్. అమృతవల్లి నాయకత్వం వహించారు. పిల్లల ఇంటి భాషల్ని తరగతిలో వాడుకోవాలన్న ఆలోచన ఆ చట్రంలో బలంగా ఉంది.

ఇంటి భాషకు తరగతిలో చోటెంత అన్న ప్రశ్న ఇప్పుడు చిట్యాల బడి గడప దాకా వచ్చింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి ఇంగ్లిష్ మీడియం ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టారు. దానికోసం ద్విభాషా పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లిష్‌లో. సైన్సు అర్థం కాకపోతే తెలుగు వైపు చూసుకోవచ్చని చేసిన ఏర్పాటది. వ్యాకరణం కోసం ఎవరూ చేయలేదు. కాని ఇంగ్లిష్ మాస్టారు చేతిలో పడితే అంతకు మించిన వ్యాకరణ పుస్తకం దొరకదు. ఒక సోషల్ పాఠం తీసుకుని తెలుగు పేజీలోని ప్రతి ‘జరిగింది’ కింద గీత గీసి, ఎదురుగా అది ‘హాపెండ్’ అయిందా, ‘హాజ్ హాపెండ్’ అయిందా, ‘హాడ్ హాపెండ్’ అయిందా చూడవచ్చు. తేదీ ఉన్నచోట ‘హాజ్’ ఎందుకు కనిపించలేదో పిల్లల్నే అడగవచ్చు. మర్నాడు సైన్సు పేజీలో ‘డానికి’లు లెక్కపెట్టి, వాటిలో ‘టు’ ఎన్ని, ‘ఫర్’ ఎన్ని అని బోర్డు మీద రెండు గీతలు గీస్తే చాలు. గైడు కొనే పని కూడా లేదు.